లేజరు తరువాత కన్ను చేసే పని

పంచేంద్రియాలలో కంటికి మన పెద్దలు మొదటి పీట వేశారు. ఆ కంటికి సైటు వచ్చిందంటే కళ్ళజోడు తప్ప వేరే దారి లేదని మన తాతల కాలంలో అనుకునేవారు. ఇప్పుడు లేజరు వచ్చింది. మన కాలేజీలోనే ఏటా కొందరు మిత్రులు ఆ చికిత్స చేయించుకుని జోడు లేని ముఖాలతో తిరిగి వస్తున్నారు. ఒకరు పోలీసు సెలక్షన్ల కోసం, ఒకరు పెళ్ళిచూపుల కోసం, ఇంకొకరు కబడ్డీ కోర్టులో జోడు నిలవదని. "ఎలా చేశారు?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పది నిమిషాల పని. నొప్పే తెలియలేదు."

ఆ మాట నిజమే. అయితే ఆ పది నిమిషాలలో జరిగేది చెక్కుడు పని. చెక్కిన చోట ఏర్పడిన గాయాన్ని మాన్పుకునే పని కంటిది. దానికి కొన్ని రోజులు, కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరం పడుతుంది. గాయం ఎలా మానితే చూపు అలా కుదురుతుంది. మర్నాటికే అంతా స్పష్టంగా కనిపించేవాడికీ, నెల దాటినా రాత్రిపూట బస్సు బోర్డు మసకగా ఉందనేవాడికీ తేడా చాలావరకు ఇక్కడే ఉంది. ఈ సంగతి ముందుగా తెలిస్తే అనవసరపు భయం తగ్గుతుంది, అనవసరపు తొందరా తగ్గుతుంది. అందుకే ఈ వ్యాసం.

అద్దం వంటి పొర

కంటి నల్లగుడ్డును కప్పుతూ, గడియారం మీది అద్దంలా ఉబ్బెత్తుగా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మన పాఠ్యపుస్తకాలలో దీన్ని శుక్లపటలం అన్నారు. ముసలితనంలో వచ్చే శుక్లంతో దీనికి సంబంధం లేదు. శుక్లం లోపలి కటకానికి వచ్చే జబ్బు.

కార్నియా మధ్యలో సుమారు 540 మైక్రాన్ల మందం ఉంటుంది. అనగా అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఇంత పలచని పొర చేసే పని మాత్రం పెద్దది. కంటి మొత్తం వక్రీభవన శక్తి సుమారు 60 డయాప్టర్లయితే, అందులో 43 వరకు కార్నియాదే. కాంతి గాలిలోనుంచి వక్రీభవన గుణకం 1.376 ఉన్న కార్నియాలోకి వచ్చేటప్పుడు బాగా వంగుతుంది. లోపలి కటకానికి అటూ ఇటూ ద్రవమే ఉంది కనుక అక్కడ ఆ వంపు తక్కువ. కాబట్టి సైటు సరిచేయాలంటే కార్నియా వంపును కాస్త మారిస్తే చాలు. హ్రస్వదృష్టి ఉన్నవారికి మధ్యభాగాన్ని కొంచెం చదును చేస్తారు.

కార్నియాలో అయిదు పొరలున్నాయని సాధారణంగా చెబుతారు. అన్నిటికంటే పైన ఉపకళ. అయిదారు వరుసల కణాలు, దాదాపు 50 మైక్రాన్ల మందం. దాని కింద బౌమన్ పొర. తరువాత స్ట్రోమా, కార్నియా మందంలో నూటికి తొంభై వంతులు ఇదే. దాని వెనుక డెస్మే పొర, చిట్టచివర ఒకే వరుస కణాల ఎండోథీలియం. ఈ చివరి కణాలు స్ట్రోమాలోని నీటిని ఎప్పటికప్పుడు బయటకు తోడుతూ ఉంటాయి. ఆ తోడుడు ఆగితే కార్నియా ఉబ్బి మసకబారుతుంది.

స్ట్రోమా కొల్లాజెన్ పోగులతో అల్లినది. మన చర్మంలో ఉన్నదీ కొల్లాజెనే. మరి చర్మం గుండా చూడలేం, కార్నియా గుండా ఎలా చూస్తున్నాం? 1957లో డేవిడ్ మారిస్ అనే శాస్త్రవేత్త దీనికి జవాబు చెప్పాడు. కార్నియాలో పోగులన్నీ ఇంచుమించు ఒకే లావు, సుమారు 30 నానోమీటర్లు. వాటి మధ్య ఎడం కూడా ఇంచుమించు సమానం. తాడు పట్టి నాటిన వరి మడిలా వరుసలు తప్పవు. ఆ లావూ, ఆ ఎడమూ కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి. ఒక్కొక్క పోగు చెదరగొట్టే కాంతి పక్క పోగుల నుంచి వచ్చే కాంతితో వ్యతికరణం చెంది రద్దయిపోతుంది. సూటిగా వెళ్ళే కాంతి మాత్రం మిగులుతుంది. రక్తనాళాలు కూడా లేకపోవడం దీనికి తోడు.

ఈ వరుస చెడితే ఏమవుతుందో పల్లెటూరి వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. దాన్నే మనవాళ్ళు "కంట్లో పువ్వు వేసింది" అంటారు. వరి ఆకు కొసో, ఎగిరొచ్చిన గింజో తగిలి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. అందులో ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజు చేరితే మరీ ప్రమాదం. పుండు మానాక ఆ చోట కొల్లాజెన్ అడ్డదిడ్డంగా అల్లుకుని తెల్లని మచ్చ మిగులుతుంది. శరీరం దృష్టిలో గాయం మానినట్టే. చూపుకు మాత్రం అది తెర.

మా పెదనాన్నగారి ఎడమ కంట్లో అలాంటి పువ్వుంది. నేను ఈ విషయాలు చదువుతుంటే ఒకనాడు అడిగారు: "ఏరా, సైటు తీసే ఆ లేజరుతో నా పువ్వు తీయరంటావా?"

"పైపైన ఉంటే తీస్తారు పెదనాన్నా. లోతుకు దిగితే కార్నియా మార్చాల్సిందేనట" అన్నాను.

"అయితే నాది లోతుదేలే" అని మళ్ళీ పనిలో పడ్డారు.

ఆయన ప్రశ్న నా మనసులో నిలిచిపోయింది. పెదనాన్న కంట్లో పువ్వు వేయించిన ప్రక్రియా, లేజరు చేయించుకున్న కుర్రవాడి కన్ను మానే ప్రక్రియా మూలంలో ఒకటే. తేడా మోతాదులో ఉంది.

లేజరు వచ్చిన దారి

ఈ చికిత్సలో వాడేది ఎక్సైమర్ లేజరు. ఆర్గాన్, ఫ్లోరిన్ వాయువుల నుంచి పుట్టే 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఇది. ఒక్కొక్క ఫోటానుకు 6.4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. కణజాలాన్ని కాల్చకుండా, అణువుల మధ్య బంధాలనే తెంపి ఆవిరి చేస్తుంది. ఒక్కొక్క స్పందనకు పోయేది మైక్రానులో నాలుగో వంతు. చుట్టుపక్కల మాడిన గుర్తుండదు.

జీవకణజాలం మీద దీన్ని మొదట పరీక్షించినవారిలో ముఖ్యుడు మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. అమెరికాలో ఐ.బి.యం. పరిశోధనశాలలో జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి పనిచేసేవాడు. 1981 నవంబరు 27న, ముందురోజు పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను తెచ్చి లేజరు కింద పెట్టి చూశాడు. అంచులు నున్నగా తెగాయి. 1983లో కంటి వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్‌తో కలిసి కార్నియా మీద దీని ప్రభావాన్ని ప్రకటించారు. 1988లో అమెరికాలో మార్గరీట్ మెక్‌డొనాల్డ్ చూపున్న కంటికి మొదటిసారిగా ఈ చికిత్స చేసింది. 1990 ప్రాంతంలో గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలో అయోనిస్ పల్లికారిస్ లాసిక్ పద్ధతికి రూపమిచ్చాడు.

ఎంత లోతు చెక్కాలన్నదానికి మనర్లిన్ సూత్రం ఉంది. చెక్కే వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి, డయాప్టర్లతో గుణించి, మూడుతో భాగిస్తే లోతు మైక్రాన్లలో వస్తుంది. వలయం 6 మిల్లీమీటర్లయితే డయాప్టరుకు 12 మైక్రాన్లు. నా సైటు మైనస్ మూడు. అంటే నా కంట్లో తీయవలసింది 36 మైక్రాన్లు. తల వెంట్రుక లావులో సగం! ఇంత సన్నని లెక్క మీద చూపు ఆధారపడినప్పుడు, మానేటప్పుడు కన్ను అయిదారు మైక్రాన్లు అటూ ఇటూ చేసినా ఫలితం మారుతుందని వేరే చెప్పాలా?

పైపొర మానే తీరు

మొదటి పద్ధతిని పి.ఆర్.కె. అంటారు. ఇందులో ఉపకళను తొలగించి, కింద బయటపడిన భాగాన్ని లేజరుతో చెక్కుతారు. ఆ మీదట కట్టు లాగా ఒక కాంటాక్ట్ లెన్సు పెట్టి పంపుతారు. మొదటి రెండు మూడు రోజులు మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం సహజం.

ఉపకళ మానడంలో కన్ను చాలా చురుకైనది. అంచున మిగిలిన కణాలు చదునుగా సాగి, మధ్యకు పాకుతూ వస్తాయి. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్య సరిహద్దులో, లింబస్ అనే చోట, మూలకణాలుంటాయి. కొత్త కణాలకు పుట్టిల్లు అది. సున్నం వంటివి పడి ఆ సరిహద్దు పాడైనవారికి, బాగున్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి అతికించే పద్ధతిని మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వైద్యులు 2012లో ప్రకటించారు. ఆ తునకల నుంచి కార్నియా అంతటికీ ఉపకళ పరుచుకుంటుంది.

పి.ఆర్.కె. తరువాత గాయం పూడడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. ఇక్కడే ఒక తమాషా ఉంది. అన్ని వైపుల నుంచీ పాకివచ్చిన కణాలు సరిగ్గా కంటిపాప ఎదుటనే కలుసుకుంటాయి. కలిసిన చోట కొన్నాళ్ళు సన్నని గట్టు ఏర్పడుతుంది. మా హాస్టల్లో ఒక సీనియరుకు ఈ పద్ధతిలోనే చేశారు. రెండో రోజు కంటే నాలుగో రోజు చూపు తగ్గేసరికి "డబ్బూ పోయింది, కన్నూ పోయిందిరా తమ్ముడూ" అని మంచం ఎక్కి కూర్చున్నాడు. ఇలా అవుతుందని చేసినచోట ఎవరూ చెప్పలేదట. ఆ గట్టు చదునయ్యేకొద్దీ రెండు వారాలలో దినపత్రిక చదివాడు, మూడు నెలలకు క్లాసులో ఆఖరి బెంచీ నుంచి బోర్డు చదివాడు. ఒక్క ముక్క ముందుగా చెప్పి ఉంటే ఆ నాలుగో రాత్రి నిద్రపోయేవాడు.

పూడినంత మాత్రాన పని అయిపోలేదు. దమ్ము చేసిన మడిలో ఒండ్రు గుంటలలోకి చేరి సమం చేసినట్లు, ఉపకళ కూడా పల్లంలో మందంగా, మెరకలో పలచగా పరుచుకుంటుంది. ఇది వరమే, చిన్న చిన్న గతుకులను అది కప్పివేస్తుంది. కానీ లేజరు కావాలని చేసిన పల్లం కూడా దానికి గతుకుగానే కనిపిస్తుంది. మధ్యలో కొన్ని మైక్రాన్లు ఎక్కువగా పేరుకుంటుంది. మనర్లిన్ లెక్కలో ఆరు మైక్రాన్లంటే అర డయాప్టరు. తీసేసిన సైటు కొద్దిగా తిరిగి రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఎక్కువ సైటు ఉన్నవారికి పల్లం లోతు కనుక ఈ తిరుగుడు కూడా ఎక్కువ. సైటు స్థిరపడటానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగమని వైద్యులు చెప్పేది ఇందుకే.

పలచని పువ్వు

ఉపకళకు దెబ్బ తగలగానే అక్కడి నుంచి కొన్ని రసాయన సంకేతాలు స్ట్రోమాలోకి దిగుతాయి. స్ట్రోమాలో కెరటోసైట్లు అనే కణాలున్నాయి; కొల్లాజెన్ అల్లికను కనిపెట్టుకుని ఉండేవి ఇవే. సంకేతం అందిన కొన్ని గంటలలోనే గాయం దగ్గరి కెరటోసైట్లు తమంతట తామే చనిపోతాయి. మిగిలినవి విభజన చెంది ఖాళీని నింపడానికి వస్తాయి. వాటిలో కొన్ని, టి.జి.ఎఫ్. బీటా అనే ప్రోటీను ప్రభావంతో, మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. ఈ కొత్త కణాలు పారదర్శకం కావు. పైగా కొల్లాజెన్‌ను వరుస తప్పి అల్లుతాయి. అప్పుడు కార్నియాలో పలచని మసక కమ్ముతుంది. దీన్ని హేజ్ అంటారు. నా మాటలో చెప్పాలంటే ఇది పలచని పువ్వు.

పెదనాన్న పువ్వుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ఇది చాలామందిలో కరిగిపోతుంది. ఉపకళ కింది ఆధారత్వచం మళ్ళీ సరిగ్గా ఏర్పడితే టి.జి.ఎఫ్. బీటా లోపలికి దిగడం ఆగుతుంది. మయోఫైబ్రోబ్లాస్టులు చనిపోతాయి. కెరటోసైట్లు తిరిగి వచ్చి వరుస తప్పిన కొల్లాజెన్‌ను సర్దుతాయి. సాధారణంగా మొదటి మూడు నెలలలో ముదిరి, ఆరునెలలు, ఏడాదిలో తగ్గుతుంది. లోతుగా చెక్కినవారిలో, ఉపకళ ఆలస్యంగా మానినవారిలో ఇది ఎక్కువ. అటువంటివారికి చికిత్స సమయంలోనే మైటోమైసిన్ అనే మందును కొన్ని సెకన్లపాటు అద్ది కడిగివేస్తారు. కణాల విభజనను అది అణుస్తుంది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా ఈ మసకను పెంచుతాయి. కొన్ని నెలలు నల్లద్దాలు పెట్టుకోమనేది షోకుకు కాదన్నమాట. స్టిరాయిడ్ చుక్కల సంగతీ అంతే. గాయం మరీ ఆవేశపడి మానకుండా అవి అదుపు చేస్తాయి. బాగానే ఉందని మధ్యలో మానితే మసక రావచ్చు. మంచిది కదా అని మందుల షాపులో కొని నెలల తరబడి వేసుకుంటే కొందరికి కంటిలోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులకు దారితీయవచ్చు. ఎన్నాళ్ళు, ఎన్ని చుక్కలు అన్నది డాక్టరు లెక్క.

లాసిక్: త్వరగా కనిపించేది, ఆలస్యంగా అతికేది

లాసిక్‌లో ఉపకళను తీయరు. సుమారు 100 నుంచి 160 మైక్రాన్ల మందాన ఒక పలచని మూతను కోసి, పుస్తకంలో పేజీలా ఒక పక్కకు తిప్పి, కింద స్ట్రోమాను చెక్కి, మూతను తిరిగి పరుస్తారు. మధ్యలో ఉపకళ చెక్కుచెదరలేదు కనుక కెరటోసైట్లకు ఆ దుర్వార్త అందేది అంచులోనే. మసక అరుదు. నొప్పి తక్కువ. మర్నాటికే చూపు వస్తుంది. మనవాళ్ళు మెచ్చుకునేది దీన్నే.

కానీ నాణేనికి రెండో పక్క ఉంది. గాయం ఆవేశపడి మానలేదంటే, గట్టిగా అతకలేదనీ అర్థమే. మూతను మొదట పట్టి ఉంచేది ఎండోథీలియం నీటిని తోడే బలం. ఒకరోజులో అంచు మీద ఉపకళ పూడుతుంది. తరువాత అంచున మచ్చ కట్టి కొంత బిగుస్తుంది. చికిత్స జరిగిన కళ్ళను దాతల నుంచి సేకరించి 2005లో పరిశీలించినప్పుడు, మూత అంచున అతుకు బలం మామూలు కార్నియాలో నూటికి 28 వంతులు, మధ్యలో 2.4 వంతులు మాత్రమే అని తేలింది. చికిత్స అయిన సంవత్సరాల తరువాత కూడా వేలిగోరో, చెట్టుకొమ్మో బలంగా తగిలి మూత జరిగిన సందర్భాలున్నాయి. సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళి కుప్పనూర్పిడిలో దిగే మావంటి వారికి ఇది పనికొచ్చే సమాచారం. దుమ్ము పడితే కన్ను నలిపే అలవాటున్నవారికి మరీ పనికొస్తుంది.

మూత కోసేటప్పుడు నాడులు కూడా తెగుతాయి. శరీరంలో అతి దట్టంగా నాడులున్న చోట్లలో కార్నియా ఒకటి. కంటిలో పొడితనం తెలియాలన్నా, రెప్ప కొట్టాలన్నా, కన్నీరు ఊరాలన్నా అక్కడి నుంచి కబురు వెళ్ళాలి. తెగిన నాడులు తిరిగి పెరిగి స్పర్శ చాలావరకు రావడానికి ఆరునెలల నుంచి సంవత్సరం పడుతుంది. అంతవరకు కన్ను పొడిబారుతుంది. పొడితనానికి చూపుతో ఏం పని అనుకోవద్దు. కాంతి కంట్లో ప్రవేశించే మొదటి ఉపరితలం కన్నీటి పొరే. రెప్పకూ రెప్పకూ మధ్య ఆ పొర చిట్లితే అక్షరాలు అలుక్కుపోతాయి, రెప్ప వేయగానే మళ్ళీ తేటపడతాయి. ఇలా వచ్చిపోయే మసకకు సైటు కారణం కాదు; కృత్రిమ కన్నీటి చుక్కలు చాలావరకు సరిచేస్తాయి. ఇటీవలి స్మైల్ పద్ధతిలో మూత లేకుండా రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కోత గుండా లోపలి ముక్కను లాగివేస్తారు. అందులో నాడులు తక్కువగా తెగుతాయి. చూపు మాత్రం లాసిక్ కంటే కొద్దిరోజులు ఆలస్యంగా తేటపడుతుంది.

పూర్తిగా మానని గాయం చూపును ఎంతకాలం వెంటాడుతుందో పాత పద్ధతి ఒకటి చెబుతుంది. 1970లలో మాస్కోలో ఫ్యోదొరోవ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన రేడియల్ కెరటోటమీలో కార్నియాను బండిచక్రం ఆకుల్లా కత్తితో గాట్లు పెట్టేవారు. అమెరికాలో ఆ రోగులను పదేళ్ళు గమనిస్తే, 43 శాతం కళ్ళలో చూపు డయాప్టరు, అంతకంటే ఎక్కువ దూరదృష్టి వైపు జరిగిపోయింది. ఆ గాట్లున్న బెక్ వెదర్స్ అనే వైద్యుడు 1996లో ఎవరెస్టు ఎక్కుతుండగా, పలచటి గాలిలో కార్నియా ఉబ్బి చూపు దాదాపు పోయింది. ఆ పద్ధతి తరువాత మూలపడింది.

నిర్ణయానికి ముందు

ఇదంతా చదివి లేజరు చెడ్డదని ఎవరూ అనుకోకూడదు. సరైన కంటికి, సరైన వయసులో చేస్తే ఎక్కువమందికి మంచి చూపే వస్తుంది. సరైన కన్ను ఏదన్నదే ప్రశ్న.

మొదటిది మందం. మూత, చెక్కుడు పోగా కింద కనీసం 250 మైక్రాన్ల స్ట్రోమా మిగలాలన్నది పాటిస్తున్న నియమం. 540 మైక్రాన్ల కార్నియాలో 110 మూతకు, ఆరు డయాప్టర్లకు 72 పోతే 358 మిగులుతుంది, ఫరవాలేదు. 470 మైక్రాన్ల కార్నియాలో ఎనిమిది డయాప్టర్లు తీయాలంటే 264 మాత్రమే మిగులుతుంది, ప్రమాదపు అంచు. బలం చాలని కార్నియా క్రమంగా ముందుకు ఉబ్బుతుంది. శంకువులా ఉబ్బే కెరటోకోనస్ జబ్బు దాగి ఉన్నవారికి మందం ఉన్నా చేయకూడదు. అందుకే కార్నియా పటం తీయించకుండా ఎవరు చేస్తామన్నా వద్దనాలి.

రెండోది నిలకడ. పద్దెనిమిదేళ్ళు నిండి, కనీసం ఏడాదిగా సైటు మారకుండా ఉండాలి. మూడోది ఉద్యోగం. 2024లో వెలువడిన రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషనులో లాసిక్ చేయించుకున్నవారు అర్హులు కారని ఉంది. ఏ ఉద్యోగం కోసం కన్ను కోయించుకుంటున్నామో ఆ నోటిఫికేషను చదివాకే డబ్బు కట్టాలి. నాలుగోది సమయం. పరీక్షలకు వారం ముందో, కోతలకు వారం ముందో చేయించుకునే పని కాదిది.

నా సంగతి అడుగుతారేమో. ఈ ఏడాది నా సైటు అర పాయింటు పెరిగింది. కాబట్టి ఇంకో సంవత్సరం జోడుతోనే. ఆ తరువాత వెళ్ళినప్పుడు డాక్టరుగారిని "ఎన్ని నిమిషాల్లో అయిపోతుంది?" అని అడగను. "నా కార్నియా మందమెంత? ఏ పద్ధతి? మానడానికి ఎన్ని నెలలు? ఆ నెలల్లో పొలంలో దిగవచ్చా?" అని అడుగుతాను. మిత్రులు కూడా ఈ నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళవలసిందిగా మనవి.